నిద్రగది మీద ఫిర్యాదు

నా మీద ఎవరు ఫిర్యాదు చేశారో, ఏమని చేశారో చెప్పమని పోలీస్ స్టేషన్ చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను. విచారించారు, ఆధారం లేదన్నారు, కేసు మూసేశారు. అయినా నేను పనిచేసే పసిపిల్లల కేర్ సెంటర్ మేడమ్ మాత్రం, "ఆ ఫిర్యాదు కాపీ తెచ్చి చూపించు, అప్పటిదాకా రావద్దు" అంది. పిల్లల్ని నిద్రపుచ్చడం తప్ప నాకు వేరే పని రాదు. ఇంకోచోట అడిగితే ముందు ఈ సంగతే ఆరా తీస్తారు.

ఉండేది అక్క ఇంట్లో. తన కవల పిల్లల్ని చూసే మనిషి దొరక్క ఇంట్లో కూర్చున్న అక్క, నా పని పోగానే వాళ్ళను నాకప్పగించి మళ్ళీ ఆఫీసుకు వెళ్తోంది. "ఆ కాగితం కోసం ఎందుకే అంత ఆరాటపడతావు?" అనేది. జాలిపడుతోందనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని.

ఇవాళ కాపీ చేతికొచ్చింది.

"ఫిర్యాదు ఇచ్చినవాళ్ళ వివరాలు చెప్పకూడదమ్మా, నల్లసిరాతో కొట్టేశాం" అన్నాడు స్టేషన్ రైటర్.

పేరు, అడ్రసు, సంతకం, అన్నింటి మీదా తారు పూసినట్టుంది. నా పేరు మాత్రం నిక్షేపంగా ఉంది. దాని కింద ఒక ముక్క వదిలేశారు: "నిద్రపోని పిల్లల మొహం మీద తడిగుడ్డ కప్పి ఊపిరాడకుండా చేస్తుంది."

ఆ ముక్క మళ్ళీ చదివాను. మరీ మారాం చేసే పిల్లల నుదుటి మీద తడిగుడ్డ వేస్తాను, నిజమే. ఆ చల్లదనానికి హాయిగా కళ్ళు మూస్తారు. ఆ నిద్రగదిలో పెద్దవాళ్ళు ఇంకెవరూ ఉండరు. ఈ కిటుకు నేను చెప్పింది ఒక్క అక్కకే, అదీ అన్నం తింటూ గొప్పలు పోతూ.

"ఎవరో తెలిసిందా అమ్మా?" అన్నాడు రైటర్.

లేదన్నట్టు తలూపాను. కాగితం తీసుకుని నేరుగా కేర్ సెంటర్‌కు వెళ్ళాను.

మేడమ్ కాపీ చదివి, "నుదురో మొహమో, గుడ్డ వేసిన మాట నిజమేనా?" అంది. నిజమేనన్నాను. కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. ఇక రావద్దని నోటితో చెప్పాల్సిన పనిలేకపోయింది.

ఇంటికొచ్చేసరికి కవలలిద్దరూ ఇల్లు పీకి పందిరేస్తున్నారు. నేను స్టేషన్‌కు వెళ్ళాలని ఈ పూట సెలవు పెట్టిన అక్క రేపటి బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది.

"అంతా కొట్టేశారక్కా" అన్నాను, కాగితం చాపి.

అక్క దానివైపు చూడలేదు.

"పోనీలే. ముందు వీళ్ళను పడుకోబెట్టు. నుదుటి మీద ఆ తడిగుడ్డ వెయ్యవే, నీ చేత్తో వేస్తే ఇట్టే పడుకుంటారు" అంది.

నాకు వెళ్ళడానికి ఇంకో ఇల్లు లేదు. గుడ్డ తడిపాను.