తీసుకోబోయేవారి పేరు

ఆంజప్ప బొటనవేలితో బెరడును మెల్లగా విప్పి, చిగురు కన్నును అందులోకి జార్చి, తరువాతి మొక్కకు జరిగాడు. వెనకే గొంతుక్కూర్చుని వస్తున్న నాగజ్యోతి ప్లాస్టిక్ పట్టీ తీసి ఆ చోట నాలుగు చుట్లు చుట్టింది. గాటంతా మూసుకుపోవాలి, చిగురేసే కన్ను ఒక్కటే బయటికి కనబడాలి. ఇద్దరికీ మాటలతో పని లేదు.

హోసూరు దగ్గరి తళిలో ఆ వేళకు ఇంకా మంచు విడలేదు. రోజా తోట మీద కప్పిన ప్లాస్టిక్ గుడారం నుంచి నీటి చుక్కలు కారుతున్నాయి. పది గంటలకు కారు వస్తుందనీ, ఈరోజు పనిలోకి దిగొద్దనీ, తెల్లచొక్కా వేసుకుని ఆఫీసు ముందు కూర్చోమనీ మేనేజరు జనార్ధనరావు నిన్ననే చెప్పాడు. ఆంజప్ప తెల్లచొక్కా వేసుకున్నాడు. కూర్చోవడం మాత్రం ఆయన వల్ల కాలేదు.

పొట్టి మనిషి. యాభై ఆరేళ్లు. ముప్పై ఏళ్లుగా మొక్కల ముందు వంగీ వంగీ నడుము నిటారుగా నిలవడం మరిచిపోయింది. కుడిచేతి గోళ్లలో పసరు ఎంత సబ్బు పెట్టి తోమినా పోదు. కృష్ణగిరి మామిడి నర్సరీల్లో అంటు కట్టడం నేర్చుకుని, అక్కడే పదిహేనేళ్లు చేసి, హోసూరు చుట్టుపక్కల రోజా తోటలు లేచిన కొత్తలో, తొంభై మూడులో, ఇక్కడ మేస్త్రిగా చేరాడు. ఆయన చేతి మీదుగా పుట్టిన పూలు విమానాలెక్కి ఎక్కడెక్కడికో పోయాయి. ఇంట్లో ఆడవాళ్లకు మాత్రం ఒక్కటీ తెచ్చి ఇవ్వలేదు. పొడుగుకాడ రోజా జడలో నిలవదని ఆయన వాదన.

ఇప్పుడు ఆయనే విమానమెక్కాలి. పూనా దగ్గర యజమాని కొత్త తోట వేశాడు. అక్కడి కూలీలకు రెండు నెలలు పని నేర్పి రావాలి. పోవడానికి భయం లేదు. ఆయన్ని తినేస్తున్నది వేరే సంగతి. ఇక్కడ మేస్త్రి ఎవరో చెప్పి వెళ్లమని మేనేజరు అడిగాడు. ఆ రెండు నెలలకే కాదు, ఆంజప్పకు వయసైపోయాక కూడా ఆ మనిషే మేస్త్రి.

తమ్ముడి కొడుకు చంద్రశేఖర్ పేరు చెబుతాడనే అందరూ అనుకున్నారు. చంద్రశేఖర్ వంద అంట్లు కడితే అరవై పట్టేవి. నాగజ్యోతి కడితే తొంభై అయిదు. కానీ మగవాళ్లు కత్తి పట్టాలి, ఆడవాళ్లు పట్టీ చుట్టాలి అన్నది తోటలో ఎవరూ రాయని చట్టం. మూడేళ్లుగా చివరి వరుసలో, ఎవరూ చూడని చోట, ఆంజప్ప తన కత్తి ఆమెకిచ్చి కట్టిస్తున్నాడు. ఆ వరుసకు వచ్చిన మెప్పంతా ఆయనకే పోయేది. అది దొంగతనం కాదు గానీ, దానికి మరీ దూరమూ కాదు. ఆ సంగతి ఆయనకు తెలుసు.

"సార్ అడిగినదానికి ఏం చెప్పినావన్నా?" అంది నాగజ్యోతి, పట్టీ చుడుతూనే.

"తిరిగొచ్చినాక మాట్లాడదామని చెప్పినాను."

"అంతదాకా చంద్రశేఖర్ నాకు కత్తి ఇస్తాడా?"

ఆంజప్ప తరువాతి మొక్క మీదికి వంగాడు. తమ్ముడూ తనూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీది కూడు తింటున్నారు. తమ్ముడి కొడుకును కాదని పరాయి ఇంటి ఆడమనిషి పేరు చెబితే రేపు ఆ కూడు గొంతు దిగుతుందా? పాము చావకూడదు, కర్ర విరగకూడదు. పిరికివాడే ఆంజప్ప, దాచేదేముంది.

"పోనీలేన్నా," అంది నాగజ్యోతి. ఆ మాట తిట్టు కన్నా గట్టిగా తగిలింది.

కారు హారన్ మోగింది. ఆంజప్ప లేచి, కత్తి మడిచి, ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ నడుముకున్న బట్టసంచిలో దోపుకుని వెళ్లిపోయాడు.

డ్రైవరు ప్రసాదు ఆయన్ని బెంగళూరు విమానాశ్రయం గుమ్మం దగ్గర దింపి, పెట్టె ఎక్కడ ఇవ్వాలో చెప్పి వెనుదిరిగాడు. పెట్టె ఇచ్చి చీటీ తీసుకునేదాకా అంతా సాఫీగానే సాగింది. ఆ తరువాత తనిఖీ చేసేవాడి చేతిలోని, లోహాన్ని పసిగట్టే కర్ర ఆంజప్ప నడుము దగ్గర కుయ్యిమంది.

"ఇది కత్తి కాదప్పా, అంటు కట్టేది," అన్నాడు తెలుగులో. తరువాత కన్నడంలో, తరువాత తమిళంలో. మూడు భాషల్లోనూ అది కత్తిలాగానే కనిపించింది. తనిఖీవాడు చెత్తబుట్ట చూపించాడు. ఆంజప్ప ముఖం చూసి జాలిపడ్డ ఒకమ్మాయి, బయట సామాన్లు దాచే కౌంటరు ఉందనీ, విమానానికి ఇంకా గంటన్నర టైము ఉందనీ చెప్పి దారి చూపింది.

కౌంటర్లో గుమస్తాది కోలారు. తెలుగు వినగానే ఆంజప్పకు ప్రాణం లేచొచ్చింది.

"ఎవరు తీసుకుంటారప్పా దీన్ని?"

"నేనే. రెండు నెలలకు వస్తాను."

"నెలకు మించి పెట్టుకోము. ఇంకెవరన్నా వచ్చి తీసుకోవాల. పేరు చెప్పు, ఆ మనిషికే ఇస్తాము."

చంద్రశేఖర్ అని చెప్పడానికే ఆంజప్ప నోరు తెరిచాడు. చంద్రశేఖర్ గాటు పెట్టడం కళ్ల ముందు కనబడింది. ఎప్పుడూ లోతుగానే దించుతాడు, బెరడుతో పాటు లోపలి కట్టె కూడా తెగుతుంది. తెరిచిన నోరు మూసుకున్నాడు. వెనక నిలబడినవాళ్లు పెట్టెలు ముందుకు జరుపుతున్నారు.

"నాగజ్యోతి," అన్నాడు.

"కూతురా?"

"కాదు."

"కోడలా?"

"మాకేమీ కాదప్పా. మా తోటలో మేస్త్రి."

"ఆడమనిషి మేస్త్రా?" అన్నాడు గుమస్తా, రాస్తూనే.

"అవును. చెయ్యి మంచిది."

మూడేళ్లలో ఒక్కసారైనా ఆమె ముందు అనని మాట. ముక్కూ మొహం తెలియనివాడి ముందు ఎంత సులువుగా వచ్చిందో చూసి ఆంజప్ప తనకు తానే ఆశ్చర్యపోయాడు. ఆ వేడి చల్లారకముందే ఫోను బూత్ వెతుక్కుని తోట ఆఫీసుకు ఫోను చేశాడు.

"సార్, కత్తి ఈడ కౌంటర్లో పెట్టినాను. నాగజ్యోతిని పంపించండి."

"ఆవిడెందుకయ్యా? పూలవ్యాన్ రోజూ అక్కడికి వస్తుందిగా. ప్రసాదు తెచ్చేస్తాడు," అన్నాడు జనార్ధనరావు.

"ఇయ్యరు సార్. ఆమె పేరే రాయించినాను. మేస్త్రి అని రాయించినాను."



"సరే, తిరిగి రా. అప్పుడు మాట్లాడుకుందాం."

పొద్దున తను చెప్పిన మాటే తనకు తిరిగొచ్చింది. అయినా ఆంజప్పకు బాధనిపించలేదు. చెప్పాల్సింది చెప్పేశాడు. విమానంలో కిటికీ పక్క సీటు దొరికింది. కింద పొలాలు చిన్నవైపోయేదాకా చూసి, ఇచ్చిన బిస్కెట్లు తిని, హాయిగా నిద్రపోయాడు.

పూనాలో ఎనిమిది రోజులు పని నేర్పాడు. తొమ్మిదో రోజు పొద్దున పనివాళ్లు లేపడానికి వెళితే లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు. తళికి తెచ్చి సొంత పొలం గట్టున పూడ్చిపెట్టారు. నాగజ్యోతి ఆడవాళ్లలో చివరన నిలబడి ఏడ్చింది. దినాలయ్యాక చంద్రశేఖర్ కొత్త కత్తితో వరుస ముందు కూర్చున్నాడు. ఆమె వెనక కూర్చుని పట్టీలు చుట్టింది. చివరి వరుసలో అతను కట్టిన అంట్లు ఒకటొకటిగా నల్లబడుతుంటే చూస్తూ ఉంది.

జనార్ధనరావు చెడ్డవాడు కాడు. చనిపోయినవాడి మాట కడుపులో పెట్టుకుని ఎన్నాళ్లని తిరుగుతాడు? నెల నిండడానికి నాలుగు రోజుల ముందు ఆమెను పిలిచాడు.

"ఆంజప్ప నీ పేరు మీద ఏదో పెట్టాడమ్మా, విమానాశ్రయంలో. రేపు వ్యాన్లో వెళ్లి తెచ్చుకో." అంతకు మించి చెప్పలేకపోయాడు.

మరునాడు నాగజ్యోతి ప్రసాదు పక్కన కూర్చుని, వెనక రోజా పెట్టెలతో బెంగళూరు వెళ్లింది. కౌంటర్లో రేషన్ కార్డు చూపించింది. గుమస్తా పుస్తకం తిప్పాడు.

"పేరు సరిపోయింది. ఏం పని చేస్తావమ్మా?"

"తోటలో పట్టీలు చుడతాను సార్."

"ఈడ అట్లా లేదే. మేస్త్రి నాగజ్యోతి అని ఉంది."

"నేను మేస్త్రిని కాదు సార్."

"అట్లయితే ఇది నీది కాదమ్మా."

ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "అట్లా ఎవరు రాయించినారు?" అని అడిగింది.

"పెట్టినాయనే. తెల్లచొక్కా, నడుము వంగి ఉంటుంది. చెయ్యి మంచిదని కూడా చెప్పినాడు. అది రాసేదానికి ఈడ గడి లేదు."

నాగజ్యోతికి కన్నీళ్లు ఆగలేదు. ఆయన మీద ఇన్నాళ్లూ దాచుకున్న కోపం, ఆయన పోయాడన్న దుఃఖం ఒక్కసారే పొంగాయి. గుమస్తా తొందరపెట్టలేదు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నేనే సార్," అంది. "మేస్త్రి నాగజ్యోతి నేనే."

గుమస్తా అంటించిన కవరు ఒకటి బల్ల మీద పెట్టి, ఎక్కడ సంతకం పెట్టాలో చూపించాడు. పెట్టింది. తోటలో ఆ మాట ఎవరు ఒప్పుకుంటారో, ఎంత గొడవవుతుందో ఆమెకు తెలియదు. రేపు పొద్దున చంద్రశేఖర్ వెనక కూర్చోదు. అది మాత్రం తెలుసు.

వ్యాన్ కదిలాక కవరు చించి కత్తి చేతిలోకి తీసుకుంది. ముప్పై ఏళ్లు బొటనవేలు ఆనిన చోట పిడి అరిగి చిన్న గుంట పడి ఉంది. అది ఆమె వేలికి కొంచెం పెద్దది.