గోలంతా తీసేశానమ్మా

నేను ఒక వీడియో క్యాసెట్‌ని. పిరికిదాన్ని, దాచుకోవడమెందుకు. ఎప్పుడు తెగుతానో, నామీద ఎవరు ఇంకేదో రికార్డు చేసి పాతది తుడిచేస్తారో అని పుట్టినప్పట్నుంచీ ఒకటే దడ.

ఒంగోలు పానకాలుగారు నన్ను కొన్నది కుటుంబంతో వ్యానులో మద్రాసు వెళ్లి అక్కడి వినోదాల పార్కు చూసి రావడమంతా రికార్డు చెయ్యడానికి. వ్యాను తోలేది ఆయనే కాబట్టి అద్దె కెమెరా భార్య రమామణి చేతికొచ్చింది. ఆ మహాతల్లి మైలురాళ్లు తీసింది, నెల్లూరులో ఇడ్లీ ప్లేటు తీసింది, రోడ్డు దాటే గేదెల్ని ఐదు నిమిషాలు తీసింది. సొంతూళ్లో కన్నెత్తి చూడని గేదెలు పొరుగూళ్లో ఎందుకంత ముద్దొస్తాయో ఈ మనుషులకి! ఆమెను మాత్రం ఒక్కరూ తియ్యలేదు. నాలో ఆమె ఉత్త గొంతే.

మూడేళ్లకు రమామణి జ్వరంతో పోయింది. ఆ గొంతు నా దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. అప్పట్నుంచి నా భయం రెండింతలైంది. వానాకాలం వచ్చిందంటే చాలు, బీరువాలో బూజు నా టేపు మీదికి పాకుతుంటే ప్రాణాలు ఉగ్గబట్టుకునేదాన్ని.

ముప్పై ఏళ్లయ్యాక కూతురు హైమ నన్ను స్టూడియోకి తెచ్చింది, ఫోనులోకి ఎక్కించమని. స్టూడియో సుబ్బరాయుడు మంచివాడే. ఓపిగ్గా బూజు తుడిచాడు, బొమ్మ ఎక్కించాడు. ఆపైన పెళ్లి వీడియోలకు చేసినట్టే ఎక్కించినదాంట్లో మాటలన్నీ చెరిపేసి సినిమా పాటలు పెట్టాడు. నన్ను చెత్తబుట్టలోకి గిరాటేశాడు. అరుద్దామంటే నాకు నోరేదీ?

సాయంత్రం హైమ వచ్చి ఫోనులో చూసుకుంది. ఫోను చెవికి ఆనించుకుంది.

"ఇక్కడ మా అమ్మ మాట్లాడాలి కదండీ?"

"ఆ గోలంతా తీసేశానమ్మా. పాటలేశాక ఎంత బాగుందో చూడండి," అన్నాడు సుబ్బరాయుడు.

హైమ బుట్టలో చెయ్యి పెట్టి నన్ను బయటికి తీసింది. ఈసారి మాటలతో సహా ఎక్కించమంది. టేపు బాగా పాడైంది, తెగితే తనను అనొద్దన్నాడు అతను. ఆమె సరేనంది.

దేవుడా, అంత భయం నేనెప్పుడూ ఎరగను. వీసీఆర్‌లో కీచుమంటూ తిరిగాను. ఒకచోట అంచు నలిగింది, బొమ్మ వణికింది. అంతలో పార్కు వచ్చింది. పైకి లేచిన జెయింట్ వీల్‌లో ఏడేళ్ల హైమ బిక్కచచ్చి ఏడుస్తోంది. ఎదురు సీటులోంచి రమామణి గొంతు.

"కిందికి చూడమాకే హైమా. నన్ను చూడు."

హైమ గబుక్కున టీవీ దగ్గరికి జరిగింది. తెర ఈ మూల నుంచి ఆ మూలకి వెతికింది. అక్కడ ఏడుస్తున్న తన ముఖం తప్ప ఇంకేమీ లేదు.