పాటగాడు లేని రికార్డు

నేను ఒక నల్లని గ్రామఫోను రికార్డును. అలాగని పాతకాలపు దాన్ననుకుని జాలిపడకండి, నాకింకా పదేళ్లు నిండలేదు. విశాఖపట్నంలో నలుగురు కుర్రాళ్లు కట్టిన ‘ఉప్పుగాలి’ బ్యాండు తొలి ఆల్బమ్‌ను డబ్ పద్ధతిలో మళ్లీ మిక్సింగ్ చేస్తే పుట్టాను. ఆ నలుగురిలో ఒక్కడింట్లోనూ రికార్డు ప్లేయరు లేదు. అయినా రికార్డే కావాలన్నారు. పట్టుకుని ఫొటో దిగితే బాగుంటుందట.

డబ్ అనేది జమైకా రెగే సంగీతగాళ్ల విద్య. పాటగాడి గొంతును తీసేసి, అడుగున అణిగివున్న డ్రమ్మునూ బేస్ గిటారునూ పైకి లేపుతారు. మిగిలిన ఒకటీ అరా మాటలకు ప్రతిధ్వని తగిలించి తిప్పుతారు. ఈ ముక్క తెలియకుండానే పాటగాడు ప్రణీత్ తన పాటలు రెగేలోకి వెళ్తున్నాయని ఊరంతా గొప్పలు పోయాడు.

వీడి సంగతి చెప్పాలి. తొలి ఆల్బమ్‌లో తన గొంతు తప్ప ఇంకేదీ వినపడకుండా మిక్సింగ్ చేయించుకున్న ఘనుడు. శ్రుతి తప్పిన ప్రతిసారీ ఆడలేక మద్దెల ఓడన్నట్టు తప్పు బేస్ వాయించే నూకరాజు మీదకు నెట్టేవాడు. నూకరాజు గాజువాకలో వెల్డింగు పని ముగించుకుని, గిటారు భుజాన వేసుకుని రెండు బస్సులు మారి వచ్చే మనిషి. అతని భార్య మణి ఆల్బమ్ మొత్తం విని, “ఇందులో నువ్వేటి వాయించావు మావా? ఎక్కడా వినపళ్లేదు” అంది.

“ఉన్నాన్లేవే, లోపలెక్కడో” అన్నాడు నూకరాజు. ఆ మాట అంటున్నప్పుడు అతనికెంత చిన్నతనంగా ఉండివుంటుందో ఆలోచించే బుర్ర బ్యాండులో ఎవరికీ లేదు.

డబ్ చేసే పని గోవాలో ఉండే డెస్మండ్ అనే ఇంజినీరుకు అప్పజెప్పారు. అతనికి తెలుగు రాదు. ప్రణీత్ గొంతు కట్టేసి బేస్ ట్రాకు పైకి లేపేసరికి, దాని అడుగున ఒక మాట దొరికింది. రికార్డింగు రోజున నూకరాజు టీకి బయటికెళ్లినప్పుడు అతని స్పీకరు ముందున్న మైకు ఆపడం మరిచారు. దాని పక్కన నిలబడి ప్రణీత్ డ్రమ్మరుతో అన్న మాట అది: “ఈ ఆల్బమ్ అయిపోతే నూకరాజుని తీసేద్దాంరా. ఆడు లేకపోతే మనకేటి?”

నూకరాజు పేరు వినపడింది కాబట్టి బేస్ వాయించేవాణ్ణి పొగుడుతున్నారనుకున్నాడు డెస్మండ్. డబ్‌లో బేసే ప్రాణం కదా, పొగడక ఏం చేస్తారు? ముచ్చటపడి ఆ మాటను చివరి పాటకు మొదట్లో పెట్టి, ప్రతిధ్వని తగిలించి వదిలాడు.

అచ్చువేసే ముందు వినమని పంపితే, ప్రణీత్ ఒక్క నిమిషం విని, తన గొంతు లేదని కట్టేశాడు. ఆ తర్వాత అట్ట మీది ఫొటోలో తన జుట్టు సరిగ్గా పడిందో లేదో చూసుకుంటూ గడిపాడు. డ్రమ్మరు వినకుండానే అదిరిందన్నాడు. ఇదీ మనుషుల శ్రద్ధ.

బీచ్ రోడ్డులో ఒక కాఫీ షాపులో విడుదల సభ పెట్టారు. ప్లేయరు అరువు తెచ్చారు. మణి పట్టుచీర కట్టుకొచ్చింది. నేను తిరగడం మొదలుపెట్టగానే బేస్ మోతకు బల్లల మీద కప్పులు కూడా కదిలాయి. “ఇది నువ్వేనా మావా?” అంది మణి, అతని మోచెయ్యి పట్టుకుని. నూకరాజు తల దించుకుని నవ్వాడు. నాకు మనుషుల్లో నచ్చినవి ఆ ఇద్దరి మొహాలే.

తర్వాత చివరి పాట వచ్చింది. ప్రణీత్ మాట గదంతా తిరిగింది. ప్రణీత్ ఫోను చెవికి పెట్టుకుని బయటికి జారుకున్నాడు. నూకరాజు పాట పూర్తయ్యేదాకా ఆగి, నన్ను అట్టలో పెట్టుకుని, భార్యను తీసుకుని వెళ్లిపోయాడు.

సిగ్గులేని జనానికి ఆ ముక్కే నచ్చింది. ప్రతి కచేరీలో “మనకేటి” పాట వాయించమని అరిచారు. కొత్తగా వచ్చిన బేస్ వాడి వల్ల కాలేదు. నాతోపాటు అచ్చయిన తోబుట్టువులేమో ప్లేయర్లు లేని ఇళ్లల్లో గోడలకు మేకులెక్కి వేలాడుతున్నాయి. నా కోసం పాత ప్లేయరు కొన్నవాడు నూకరాజు ఒక్కడే.

చివరికి ప్రణీత్ గాజువాక వచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని, “అయిందేదో అయిపోయిందిరా. వచ్చెయ్యి. నువ్వు లేకపోతే కచేరీలు నడవట్లేదు” అన్నాడు.

నూకరాజు లేచి నన్ను తీసి, తుడిచి, చివరి పాట మీద ముల్లు దించాడు.

“ఆడు లేకపోతే మనకేటి... ఏటి... ఏటి...” అన్నాను నేను, ప్రణీత్ గొంతుతోనే.

“ఆపరా” అన్నాడు ప్రణీత్, లేవబోతూ.

మణి టీ గ్లాసు తెచ్చి అతని చేతిలో పెట్టింది. “కూకోండి బాబూ. మా మావ వాయించింది ఇప్పుడే వస్తాది.”

ప్రణీత్ కూర్చున్నాడు. మొదటిసారి నన్ను చివరిదాకా విన్నాడు.