మొదటి పేజీలో పేరు

2024 జూలై ముప్పై ఒకటి, బుధవారం. ఆ పొద్దున ఆశాజ్యోతి తిన్నది మూడు చల్లారిన ఇడ్లీలు, రాత్రి మిగిలిన వంజరం చేప పులుసు. నిలబడే తింది. ఎడమ చేతిలో ఫోను, ఫోనులో పరిశోధన నిధుల నిబంధనలు, పొయ్యి మీద భర్త క్యారేజీకి బెండకాయ వేపుడు. దరఖాస్తుకు గడువు సాయంత్రం ఐదున్నర. వేపుడు ఒకసారి, పన్నెండో నిబంధన ఒకసారి చూసుకుంటుంటే అత్తగారు కనకరత్నం వెనకనుంచి గిన్నె ముందుకు జరిపింది. "తలకాయ ముక్క నీకని తీసి ఉంచానమ్మా. కూర్చుని తినరాదూ, ఎవరు తరుముతున్నారు?"

ఎవరు తరుముతున్నారో చెప్పాలంటే పదకొండేళ్లు చెప్పాలి. ఊరవతల ఆ ప్రైవేటు యూనివర్సిటీలో జువాలజీ పాఠాలు చెప్పడానికి చేరి పదకొండేళ్లు. తన పేరు మీద ఒక్క ప్రాజెక్టయినా లేనిదే పై మెట్టు ఎక్కనివ్వరు. ప్రాజెక్టులు రాయక కాదు. హెడ్డు కొండలరావు సార్‌కి వచ్చిన మూడూ ఆమె రాసినవే. సెలవు రోజుల్లో డైనింగ్ టేబుల్ మీద చిక్కుళ్లు ఒక పక్కకు నెట్టి రాసినవి. స్టీల్ ప్లాంట్‌లో పని చేసే భర్త అశోక్ అటూ ఇటూ తిరుగుతూ, "మీ సార్ కష్టపడుతున్నాడన్నమాట" అని నవ్వేవాడు. "కంప్యూటర్ ముందు కూర్చోడం కూడా పనేనా, నడుం వంచేదా, చేయి తడిపేదా" అనేది అత్తగారు. నిజమే, తడవని చేత్తో చేసే పని ఎవరికీ కనపడదు.

ఈసారిది మాత్రం తనది. రెండేళ్లుగా ఆదివారాలు బస్సెక్కి భీమిలి వెళ్లి, ఇసుకలో నెత్తళ్లు ఎండబెట్టే గంగాలమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నది. గంగాలమ్మ ఎండు చేపను చెవి దగ్గర పెట్టుకుని విరిచేది. "సప్పుడినమ్మా. టిక్కుమంటే ఎండినట్టు. వంగిందంటే ఇంకో ఎండ తగలాల." ఆ చెవి చెప్పిన దానికీ ల్యాబులో తేమ కొలిచే యంత్రం చెప్పిన దానికీ తేడా దాదాపు లేదు. ఆ లెక్కతో, వానాకాలంలో చేప నేలను తాకి కుళ్లకుండా ఎత్తయిన వల బల్లలు కట్టించాలని ఆమె ప్రాజెక్టు. పది రోజుల కిందట సార్‌కి చెప్పింది, ఇది నా పేరుతో పెడతాను సార్ అని. "చూద్దాం" అన్నాడాయన.

అందుకే మధ్యాహ్నం రెండింటికి దరఖాస్తు ప్రింటు తీసుకుని ఆయన గదిలోకి భయపడుతూనే వెళ్లింది. హెడ్డు సంతకం లేనిదే పోర్టల్ దరఖాస్తు తీసుకోదు. కొండలరావు కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ చూశాడు. నవ్వాడు. పెన్ను తీసి వెంటనే సంతకం పెట్టేశాడు.

"టాపిక్ బాగుందమ్మా. ఎండు చేపలు, ఆడవాళ్లు. ఢిల్లీ వాళ్లకి నచ్చుతుంది."

వరండాలోకి వచ్చాక ఆమెకు కళ్లు చెమర్చాయి. మనిషిని ఎంత తప్పుగా అనుకున్నాను అని సిగ్గుపడింది. ఒక ఏడు తన కూతురికి డెంగీ వస్తే తొమ్మిది రోజులు తన క్లాసులు ఆయనే తీసుకున్నాడు. ఆ మంచి మరచిపోలేదు. మరచిపోలేకే కదా మూడు ప్రాజెక్టులు రాసిపెట్టింది.

స్కానర్ దగ్గర అటెండర్ సన్యాసమ్మ కాగితాలు అందుకుంది. ఫైళ్లు దులుపుతూ దులుపుతూ చదవడం నేర్చుకున్న మనిషి, ఏ కాగితం చేతికొచ్చినా పైకి చదువుతుంది.

"ఇదీ సార్‌దేనేటమ్మా?"

"కాదు, నాది."

"మరి పైన సార్ పేరుందేటి?"

ప్రధాన పరిశోధకుడు: ప్రొఫెసర్ కొండలరావు. స్పష్టంగా ఉంది. ఆశాజ్యోతి ఆ గడి మళ్లీ చదివింది. తరవాత అర్థమైంది. ప్రతిసారీలాగే ఆయన ఐడీ, ఆయన పాస్‌వర్డ్ కొట్టి పోర్టల్‌లోకి వెళ్లింది. వేళ్లు వాటంతటవే వెళ్లాయి. ఆ ఐడీతో తెరిస్తే మొదటి పేజీ ముందే నిండి ఉంటుంది, ఆయన పేరు, ఆయన పుట్టిన తేదీ. ఆమె ఎప్పుడూ నేరుగా మూడో పేజీకే వెళ్లేది. పది రోజులు అదే ఇంట్లో తిరిగి, వాకిట్లో ఎవరి పేరుందో చూడలేదు. ఆయన మీద కోపం రాలేదు. తన వేళ్లను చూసుకుంటే భయం వేసింది.

తన పేరుతో ఐడీ తెరిచింది. ఒక్కో పేజీ అందులోకి మార్చింది. గతంలో నిర్వహించిన ప్రాజెక్టులు ఎన్ని అని ఒక గడి. ఖాళీగా వదిలితే ముందుకు కదలదు. లేచి మంచినీళ్లు తాగింది, కిటికీ తెరిచింది, మళ్లీ మూసింది. కూర్చుని సున్నా కొట్టింది.

నాలుగింటికి కొత్త ప్రింటుతో మళ్లీ ఆ గదికి వెళ్లింది.

"మళ్లీ ఏంటమ్మా? సంతకం పెట్టేశాను కదా."

"పొరపాటున మీ ఐడీలో చేశాను సార్. మొదటి పేజీలో మీ పేరు పడింది."

"చూశాను. నువ్వే సర్దుకుపోయావనుకున్నాను."

ఆయన కొత్త కాగితం తిప్పాడు. "పాత ప్రాజెక్టులు సున్నా అని ఉంది చూడు. మొదటి రౌండ్‌లోనే తీసి పక్కన పెడతారు."

"ఆ మూడూ నేనే రాశాను సార్."

"ఎవరు కాదన్నారు? కృతజ్ఞతల్లో నీ పేరు వేశాను కదా. మొదటి పేరు నీదే." ఆయన గొంతులో వెటకారం లేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. "ఉన్నది ఉన్నట్టు పంపించెయ్. సహ పరిశోధకురాలిగా నీ పేరు చేర్చు. డబ్బు వస్తుంది, పని జరుగుతుంది. టీ తాగుతావా?"

వద్దంది. కాగితం సంతకం లేకుండా ఆయన పేపర్ వెయిట్ కింద ఉండిపోయింది.

కంప్యూటర్ తెర మీద రెండు దరఖాస్తులూ తెరిచి ఉన్నాయి. ఆయన ఐడీలో అన్నీ పూర్తయి ఆకుపచ్చ బటన్ వెలుగుతోంది. ఒక్క నొక్కు. వచ్చే వానలకు గంగాలమ్మ చేపలు బల్లల మీదుంటాయి. పేరుదేముంది, పని ముఖ్యం అని తనకు తనే చెప్పుకుంది. చెప్పుకుంటుంటే ఆ మాట అశోక్ గొంతులా, అత్తగారి గొంతులా, సార్ గొంతులా వినిపించింది. తన గొంతులో మాత్రం ఎంత ప్రయత్నించినా పలకలేదు. పేరుతో పని లేనప్పుడు ఆ గడిలో ఆయన పేరెందుకు? మౌస్ మీద చెయ్యి పెట్టింది, తీసింది. వరండా చివరిదాకా నడిచి వచ్చింది.

అశోక్ ఫోన్ చేశాడు. "వచ్చేటప్పుడు పెరుగు పట్టుకురా. అయిపోయిందా మీ సార్ పని?"

"ఇప్పుడే అయిపోతుందండీ" అంది.

ఫోన్ పెట్టేసి ఆయన ఐడీలోని దరఖాస్తును తొలగించమని నొక్కింది. నిజంగానే తొలగించాలా అని పోర్టల్ అడిగింది. అవునంది. ఒక చీటీ మీద నాలుగక్షరాలు, నాలుగంకెలు రాసుకుని ఐదూ పదికి హెడ్డు గది తలుపు తట్టింది.

"పంపించావా?"

"మీ ఐడీలో ఉన్నది తీసేశాను సార్. నా ఐడీలో ఉన్నది మీ సంతకం కోసం ఆగి ఉంది. ఇరవై నిమిషాలుంది."

కొండలరావు కళ్లజోడు తీశాడు. "మతి ఉందా ఆశా? ఎవరికీ రాకుండా పోతుంది."

"పోతే జనవరిలో మళ్లీ దరఖాస్తులు పిలుస్తారు. అప్పుడూ నా పేరుతోనే పెడతాను." చీటీ బల్ల మీద పెట్టింది. "ఇది మీ పాస్‌వర్డ్ సార్. ఇకనుంచి లోపలికి మీరే వెళ్లాలి."

ఆయన పెన్ను తీశాడు. కాగితం చూశాడు, ఆమెను చూశాడు. మూత పెట్టేసి, బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఐదున్నరకు తన దరఖాస్తు మీద గడువు ముగిసిందని పడింది. ఆశాజ్యోతి కదలకుండా చూసింది. ఆదివారం భీమిలి వెళ్లి, వచ్చే వానలకు బల్లలు రావని గంగాలమ్మ మొహం చూసి చెప్పాలి. అది తన వల్లేనని కూడా చెప్పాలి. ఎండు చేపల ఫైలు తెరిచి, జనవరికి ఇంకేం కావాలో రాసుకోవడం మొదలుపెట్టింది.

ఆరింటికి సన్యాసమ్మ తాళాల గుత్తితో వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఇంకా ఎల్లలేదేటమ్మా?"

"పది నిమిషాలు సన్యాసమ్మా. నీకు ఆలస్యమైపోతోందా?"

"నాకేటి తొందర. కూకుని రాసుకోండి. నాను ముందు సార్ గదికి ఏసుకొత్తాను."

హెడ్డు గదిలో ఆపకుండా వదిలేసిన ఫ్యాను ఆపి, లైటు తీసి, సన్యాసమ్మ ఆ రెండు రెక్కల తలుపును చప్పుడు కాకుండా దగ్గరికి లాగి, ఆ రాత్రికి తాళం వేసింది.