పైవాళ్లకు చెబుతాను

జిల్లా ఆసుపత్రి డారిల్ టలక్‌కు అన్యాయం చేసింది. ఇందులో వాదించడానికేమీ లేదు. కొత్తగా పాసైన నర్సులకు పక్కన అనుభవమున్న మనిషిని పెట్టి ఏడాదిపాటు పని నేర్పే పోస్టులు ఆ ఏడు చాలానే ఇచ్చింది. కాలేజీలో పక్కన కూర్చుని నాడి చూడటం అతని దగ్గరే నేర్చుకున్న జోడీకి ఇచ్చింది. సూది చూస్తే మొహం తిప్పుకునే కుర్రాడికీ ఇచ్చింది. యాభై దాటిన డారిల్‌కు ఇవ్వలేదు.

ఆ పోస్టును అందరూ తొలి ఏడు అంటారు. తొలి ఏడు లేని నర్సును ఆ చుట్టుపక్కల ఏ ఆసుపత్రీ వార్డులోకి రానివ్వదు. వృద్ధాశ్రమాలు మాత్రం పిలిచి మరీ తీసుకుంటాయి, అక్కడికి ఇంకెవరూ రారు కనుక. అక్కడ ఏడాది గడిస్తే నువ్వు కొత్తవాడివి కాదు పొమ్మని తొలి ఏడు తలుపు పూర్తిగా మూసేస్తారు. ఇక డారిల్‌కు మిగిలింది ఒక్కటే, జూలైలో మిగిలిపోయిన ఖాళీలకు జరిగే ఇంటర్వ్యూ.

నర్సు చదువుకు ముందు అతను గొర్రెల పొలాలకు కంచెలు వేసేవాడు. చదివింది ఒకే టీచరున్న పల్లె బడి. భార్య గ్లెండాకు ఒకరోజు ఊపిరాడకపోతే, వాళ్ల ఊరు వారాబిన్‌లోని చిన్న ఆసుపత్రిలో కొత్త నర్సు ఒకతె కంగారుపడి ఆమెను అంబులెన్సులో జిల్లా ఆసుపత్రికి పంపేసింది. డారిల్ తన బండిలో వెనకే వెళ్లాడు. బండి పెట్టడానికి చోటు వెతుక్కుని లోపలికి వచ్చేసరికి గ్లెండా నడవాలో, చక్రాల మంచం మీద, గోడవైపు మొహం తిప్పి పోయి ఉంది. ఆ నర్సు పేరు అతనికి తెలుసు. నోటితో పలకడు. మనిషిని అలా పంపించని నర్సు ఒక్కడైనా ఉండాలని పనిముట్లన్నీ అమ్మేసి కాలేజీలో చేరాడు.

మొదటి ఇంటర్వ్యూకు ముందు, వయసు చూసి అతన్ని తాతా అని పిలిచే జోడీ పాఠం చెప్పింది. "ఏం అడిగినా ముందు 'పైవాళ్లకు చెబుతాను' అనెయ్యి తాతా. రోగికి చెమట పట్టినా అదే, వార్డు తగలబడినా అదే. మార్కులన్నీ ఆ మాటకే."

లోపల హెలెన్ ఆన్‌స్టీ అనే పెద్ద నర్సు అడిగింది. రోగి పరిస్థితి ఉన్నట్టుండి దిగజారింది, పక్కన ఎవరూ లేరు, ఏం చేస్తారు?

"ఎక్కడికీ పంపను. పక్కనే కూర్చుంటాను" అన్నాడు డారిల్.

ఆమె కలం పట్టుకుని ఆగింది. ఇంకేమైనా చెప్పదలచుకున్నారా అని మెల్లగా అడిగింది. ఆమె ఏ మాట కోసం ఆగిందో అతనికి తెలుసు. ఏమీ లేదన్నాడు.

అలా వారాబిన్ వృద్ధాశ్రమానికి వచ్చి పడ్డాడు. ఆదివారాల్లో ఆ భవనం మొత్తానికి నర్సు అతనొక్కడే. మిగతావాళ్లు ఆయాలు. వాళ్లలో మారితెస్ అనే ఫిలిప్పీన్స్ అమ్మాయి అతన్ని వాళ్ల భాషలో కుయా అని, అంటే అన్నా అని పిలిచేది. అడగడానికి పైన ఎవరూ లేరు. ప్రతి మాత్రా, ప్రతి పుండూ తనే తేల్చుకోవాలి. రాత్రి ఇంటికి వెళ్లి పుస్తకాలు తిరగేసి, తాను చేసింది తప్పు కాదని తేలేదాకా పడుకునేవాడు కాదు. మానేద్దామంటే అమ్ముకున్న పనిముట్లు తిరిగి రావు, జూలై కూడా పోతుంది.

డల్సీ పార్‌ఫ్రే గుండె జబ్బు మనిషి. గోధుమ పొలాల్లో బతికిన ముసలామె. పని చేయించుకుంటూనే అతన్ని ఏడిపించేది. "కట్టు కడుతున్నావా కంచెలోడా, ముళ్లతీగ చుడుతున్నావా?" అనేది. ఒకరోజు నవ్వకుండా అంది. "నన్ను ఆ జిల్లాకు మాత్రం పంపకు. ఈ కిటికీ దగ్గరే పోనీ."

"పంపను."

"ఒట్టు?"

"ఒట్టు."

జూన్‌లో ఒక ఆదివారం, కాల్చిన గొర్రెమాంసం భోజనాలయ్యాక, మారితెస్ వచ్చి పిలిచింది. డల్సీ మంచం మీద కూర్చుని ఊపిరి కోసం పెనుగులాడుతోంది. పెదవులు నీలంగా ఉన్నాయి. గొంతులో నీళ్లు మరుగుతున్నట్టు చప్పుడు. డారిల్ ఆమె వెనక దిండ్లు పెట్టి ఎత్తుగా కూర్చోబెట్టాడు, ఆక్సిజన్ పెట్టాడు. ఇది చావా, ఒక్క ఇంజెక్షనుతో తగ్గే ఆయాసమా? పుస్తకంలో రెండూ ఒకలాగే ఉన్నాయి. తొలి ఏడు దొరికి ఉంటే ఇలాంటివి ఎవరో ఒకరు పక్కన నిలబడి చూపించి ఉండేవారు.

డాక్టరుకు ఫోన్ చేశాడు. పాట వినిపించింది, మనిషి పలకలేదు. ఆశ్రమం మేనేజరు షెరిల్‌కు చేశాడు. ఆమె కొడుకు ఆడే ఫుట్‌బాల్ ఆట చూస్తోంది. వెనక జనం అరుస్తున్నారు.

"నర్సువి నువ్వు కదా డారిల్. నీకేది తోస్తే అది చెయ్యి. నేను చెప్పానని మాత్రం రాయకు."

"కుయా, పంపుదామా, ఉంచుదామా? చెప్పు" అంది మారితెస్.

డల్సీ అతని మణికట్టు పట్టుకుంది. పంపకు అంటోందో, బతికించు అంటోందో అతనికి తెలియలేదు. ఆమెకు మాట రావడం లేదు. అతని వేళ్లు వణికి ఫోన్ మీద అంకెలు తప్పాయి. మళ్లీ నొక్కాడు. అంబులెన్సును పిలిచాడు. తర్వాత జిల్లా ఆసుపత్రికి ఫోన్ చేసి ఆమె పేరు, వయసు, జబ్బు, ఊపిరి, నాడి, ఇచ్చిన మందులు వరసగా, ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాడు.

ఆమెతో వెళ్లడానికి లేదు. ఉన్న ఒక్క నర్సు భవనం వదలకూడదు. ఆమె వేళ్లను తన మణికట్టు మీంచి తనే విడదీశాడు. అంబులెన్సు తలుపులు మూసేటప్పుడు ఆమె అతన్నే చూస్తోంది.

సాయంత్రం టీ ఇచ్చే వేళకు జోడీ ఫోన్ చేసింది. ఆమె అక్కడ అత్యవసర విభాగంలో తొలి ఏడు చేస్తోంది.

"తాతా, డల్సీ పోయింది. ఇంజెక్షను ఇచ్చారు కానీ లాభం లేదంది డాక్టరు. వచ్చేటప్పటికే ఆఖరి ఘడియలంట."

"ఎక్కడ పోయింది?"

"మంచాలు ఖాళీ లేవు. నడవాలో."

"పక్కన ఎవరున్నారు?"

జోడీ మాట మార్చింది. అతను ఫోన్‌లో వివరాలు చెప్పిన తీరు అందరూ మెచ్చుకున్నారంది. ఆ మాట హెలెన్ దాకా వెళ్లిందట. జూలైలో నీకు ఢోకా లేదు అంది.

డారిల్ వెళ్లి ఆ కిటికీ గదిలో మంచం మీది దుప్పటి తీసేశాడు. గ్లెండాను పంపిన పిల్ల చేతులు కూడా ఇలాగే వణికాయేమో అనిపించింది. అయినా ఆమెను క్షమించలేదు. ఇప్పుడు తనతో కలిపి ఆ వరసలో ఇద్దరయ్యారు, అంతే.

జూలైలో అదే గది, అదే బల్ల. ఈసారి హెలెన్ ఆన్‌స్టీ నవ్వుతూ కూర్చోమంది. ఒక్క పోస్టు ఉంది. అతనికే ఇవ్వాలని ఆమెకు ఉందని మొహం చూస్తేనే తెలుస్తోంది. ఇవ్వకపోతే మళ్లీ ఆదివారాలు, పాట పాడే ఫోను, ఒంటరిగా ఆ భవనం. అవి ఎన్నాళ్లు మోయగలడో అతనికే తెలియదు.

"ప్రశ్న పాతదే" అందామె. "రోగి పరిస్థితి దిగజారింది, పక్కన ఎవరూ లేరు. ఈసారి మీకు స్వయంగా అనుభవముందని విన్నాం. ఆ ఆదివారం సంగతి చెప్పండి. ఎవరెవరికి చెప్పారు, చివరికి ఏం చేశారు. అది చాలు."

డారిల్ తన మణికట్టు వైపు, ఒట్టు పెట్టి మరీ డల్సీ వేళ్లను విడదీసిన చోటు వైపు, చూసుకున్నాడు.

"ఆ సంగతి చెప్పను."

"డారిల్, ఇది మీకు మేలు చేసే సంగతే. మీరు చేసింది సరైన పనే."

అతను లేచి టోపీ తీసుకున్నాడు.

"ఇక్కడ చెప్పను. ఇంకెక్కడా చెప్పను. మళ్లీ నన్ను ఎవరూ అడగొద్దు."