బాయిలరు దగ్గర ఎవరుంటారు

"హలీనా, గది చల్లబడుతోంది" అంటుంది నానమ్మ. ఆ మాట వినగానే అమ్మ గరిటె పక్కన పెట్టి నేలమాళిగ మెట్లు దిగుతుంది. ఇల్లంతటికీ వేడినిచ్చే బొగ్గు బాయిలరు ఉండేది అక్కడే. ఇనుప తలుపు తెరిచిన చప్పుడు, పార గీరుకున్న చప్పుడు, దగ్గు. తర్వాత నానమ్మ శాలువా తీసి కుర్చీ మీద వేస్తుంది. చిన్నప్పుడు నేను, వెచ్చదనం ఇంట్లో దానంతటదే పుడుతుందనుకునేదాన్ని. చర్చికి వెళ్ళే రోజు తలస్నానం చేసినా అమ్మ జుట్టులో పొగ వాసన పోదు. అందుకే ఆవిడ చివరి బల్ల మీద కూర్చుంటుందని నాకు ఈమధ్యే అర్థమైంది. పోయిన చలికాలం అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు బొగ్గు నేనే వేశాను. నాన్న లారీతో జర్మనీలో ఉన్నాడు. ఫోన్ చేసి "నిప్పు ఆరనివ్వకు" అన్నాడు. అమ్మ ఎలా ఉందని మర్నాడు అడిగాడు.

ఇప్పుడు ఆ బాయిలరు పగిలి నీళ్ళు కారుస్తోంది. పైగా మా వైపు ఇలాంటి బొగ్గు బాయిలర్లు ఇక వాడకూడదట. వచ్చే చలికాలానికి కొత్తది తప్పదు. కట్టెలు చేత్తో వేసేదా, చెక్కపొట్టు గుళికల్ని తనే లాక్కుని మండించుకునేదా అని ఆదివారం భోజనాల దగ్గర చర్చ.

"గుళికలదైతే వారానికి రెండుసార్లు తొట్టి నింపితే చాలట" అంది అమ్మ, ప్లేటు వైపే చూస్తూ.

నాన్న నవ్వాడు. "మరి మిగతా రోజుల్లో ఏం చేస్తావు, గోళ్ళు చూసుకుంటావా? అడవి కట్టె మనకి ఊరికే వస్తోంది కదా."

"వీడు కడుపులో ఉన్నప్పుడు కూడా బొగ్గు మోశాను నేను. నాకేం అరిగిపోయిందీ?" అంది నానమ్మ. చెంచా పట్టుకున్న ఆవిడ వేళ్ళు పక్కకి వంగిపోయి ఉన్నాయి.

"హలీనా వల్ల కాకపోతే యాగోదా ఉంది. దాని చేతులు గట్టివి" అన్నాడు నాన్న నా వైపు చూసి, మెచ్చుకున్నట్టే.

నేను రొట్టె విరిచాను. సెప్టెంబరులో తార్నూఫ్ పట్నం వెళ్ళి ముద్రణ కోర్సు చదవాలని నా ఆశ. హాస్టలు దరఖాస్తు మీద సంతకం చేసింది నాన్నే. వెళ్ళొద్దని ఇప్పుడు కూడా ఆయన అనలేదు. ఎవరూ అనలేదు. అనకుండానే నన్ను ఆ ఇనుప తలుపు ముందు నిలబెట్టేశారు. దెబ్బలాడదామంటే ఎదురుగా ఒక్క చెడ్డ మాటైనా లేదు. అమ్మని కూడా ఇలాగే మెచ్చుకుని ఉంటారు, పెళ్ళయిన కొత్తలో.

శనివారం బాయిలరు బిగించే మేస్త్రీ వచ్చి కొలతలు తీసుకున్నాడు. వంటింట్లో టీ తాగుతూ, "కట్టెలదైతే పగలు నాలుగైదుసార్లు వేయాలి. ఇంట్లో ఎవరుంటారు?" అని అడిగాడు.

"అమ్మాయి ఉంటుంది" అన్నాడు నాన్న.

కొత్తవాళ్ళ ముందు నాకు గొంతు పెగలదు. ఆ రోజు కూడా సగమే పెగిలింది. "నేనుండను. స్కూలుంది."

"దీనికి మాటలొచ్చాయే!" అన్నాడు నాన్న. మేస్త్రీ మర్యాదకి నవ్వాడు. నా చెవులు మండిపోయాయి.

అప్పుడు అమ్మ చేతులు తుడుచుకుని నాన్న వైపు తిరిగింది. "నేనూ ఉండను, జెనెక్. బేకరీలో పనికి ఒప్పుకున్నాను."

"ఎప్పుడు?"

"ఒప్పుకున్నాను."

మేస్త్రీ పెన్సిలు చెవి మీద పెట్టుకుని నానమ్మ వైపు చూశాడు. "పోనీ, అమ్మగారూ మీరు...?"

"నా మోకాళ్ళు మెట్లు దిగనివ్వవు నాయనా" అంది నానమ్మ. తర్వాత నాన్నని చూపిస్తూ, "వీడికి నిప్పు వెలిగించడం రాదు. నేనే నేర్పలేదు" అని కిటికీ వైపు తిరిగింది.

నాన్న ఏమీ తేల్చలేదు. ఆలోచించి చెబుతానని మేస్త్రీని గేటు దాకా సాగనంపి, ఆయన బండి వెళ్ళిపోయాక కూడా లోపలికి రాలేదు. నేను కప్పులు కడుగుతున్న అమ్మ పక్కకి వెళ్ళి నిలబడ్డాను. బేకరీ మాట నాకైనా ముందు చెప్పలేదే అని లోపల చిన్న కోపం.

"ఏ బేకరీ అమ్మా?"

అమ్మ తలుపు వైపు ఒకసారి చూసింది. చేతిలోని కప్పు బోర్లించింది.

"తెలీదే. సోమవారం వెళ్ళి పనుందేమో అడుగుతాను."