మిగిలిన ఆయిల్

వదిన బండి తోసుకుంటూ వచ్చి షెడ్డు ముందు స్టాండు వేసింది. అది చూసి మెకానిక్ చేతిలోని స్పానర్ కింద పెట్టేశాడు. తన అన్న ఈ బండి మీదే పోయి మూడు నెలలైంది. సొట్టపోయిన ఆ ట్యాంకునీ వంగిన ఆ హ్యాండిల్‌నీ ముట్టుకోవడానికి చేతులు రాక, బండిని వేరే షెడ్డుకు పంపించింది అతనే.

"అక్కడ అంతా బాగానే చేశారు చిన్నా. ఈ క్లచ్ ఒక్కటే కుదర్లేదు. నొక్కితే లివర్ ఒకోసారి వెనక్కి వస్తుంది, ఒకోసారి అక్కడే ఉండిపోతుంది," అంది వదిన. "సోమవారం నుంచి డ్యూటీకి పోవాలి. రెండు బస్సులు మారడం నావల్ల కాదు."

"కూర్చో వదినా. పది నిమిషాల పని."

పది నిమిషాలట! మెకానిక్ నోట ఆ మాట విన్నవాళ్ళెవరైనా ఇంటికెళ్ళి భోంచేసి, ఓ కునుకు తీసి రావచ్చు. కానీ వదిన ఎక్కడికీ వెళ్ళలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. మనిషి సగానికి సగం అయిపోయింది. ఎవరు పలకరించినా ఒకటే మాట: "నామీద కోపంతోనే పోయాడు."

అన్న పోయిన రోజు పొద్దున కారే కుళాయి గురించి మొగుడూ పెళ్ళాలకు మాటా మాటా పెరిగింది. అన్న వెళ్ళొస్తానని కూడా అనకుండా బండి తీశాడు. చౌరస్తాలో పంక్చర్ షాపతను కళ్ళారా చూశాడు. నడిరోడ్డు మీద బండి ఆగి ఉందట, అన్న చెవులు పగిలేలా ఎక్సలేటర్ తిప్పుతూనే ఉన్నాడట, ఇంతలో పక్కనుంచి లారీ వచ్చేసిందట. "ఎవరి మీద కోపమో పాపం, బండి మీద చూపించాడు," అని ఊరంతా చెప్పాడు మహానుభావుడు. చూసింది చూసినట్టు చెప్పి ఊరుకోవచ్చు కదా! ఆ మాట వదిన గుండెలో ముల్లులా దిగబడింది. మెకానిక్ మాత్రం తక్కువ తిన్నాడా? "అన్నయ్యకు ముక్కుమీదే కోపం," అని అందరితోపాటు అతనూ తలూపాడు.

మెకానిక్ ముందుగా లివర్ విప్పి చూశాడు. బోల్టు శుభ్రంగానే ఉంది. ఈ బండి క్లచ్‌కు కేబుల్ ఉండదు, లివర్ నొక్కితే ఆయిలే క్లచ్‌ను తోస్తుంది. హ్యాండిల్ మీది ఆయిల్ డబ్బా మూత తీశాడు.

లోపల ఆయిల్ పచ్చగా ఉంది, ఆకు పచ్చగా.

అందులో ఉండాల్సింది బ్రేక్ ఆయిల్, అది పచ్చగా ఉండదు. క్లిప్పు తీసి, ఆయిల్‌ను తోసే పిస్టన్ లాగితే ఓ పట్టాన రాలేదు. చివరికి ఊడి వచ్చింది. దాని చుట్టూ ఉండే రబ్బరు ఉబ్బిపోయి, మెత్తబడిపోయి ఉంది.

వేరే షెడ్డువాళ్ళు ఆ డబ్బా జోలికే పోలేదు. ఆయిల్ పోసింది తనే. అన్న పోవడానికి పది రోజుల ముందు.

మెకానిక్కుల సంగతి తెలిసిందే. బయటివాళ్ళ బండికి కొత్త సీసా సీలు తీస్తారు, ఇంటివాళ్ళ బండికి సీసాల అడుగున మిగిలింది పోస్తారు. మనవాళ్ళే కదా, ఏమంటారు! ఆ వేళ అన్న వచ్చి, "క్లచ్ ఆయిల్ తగ్గినట్టుంది, చూడరా," అన్నాడు. ఏదో పెద్ద బండికి తెచ్చిన పచ్చ ఆయిల్ కాస్త మిగిలి ఉంటే అందులో వంచేశాడు. ఏ ఆయిల్ పోయాలో ఆ మూత మీదే రాసి ఉంది. అన్న ఏదో జోకు చెబుతున్నాడు, తను పడీ పడీ నవ్వుతున్నాడు. చదవలేదు.

ఆ ఆయిల్ తగిలితే ఈ రబ్బరు ఉబ్బుతుంది. ఉబ్బి ఉబ్బి ఆ చౌరస్తాలో పట్టేసింది. లివర్ వెనక్కి రాలేదు. లివర్ రాకపోతే ఇంజను ఎంత అరిచినా చక్రం కదలదు. అన్న చూపించింది కోపం కాదు. లారీకి అడ్డం తప్పుకోవాలని చూశాడు.

సొరుగులో కొత్త రబ్బర్లున్నాయి. అరగంట పని. పచ్చ ఆయిల్ కడిగేస్తే పైనున్న దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు. అతని చెయ్యి సొరుగు దాకా వెళ్ళింది కూడా.

"దొరికిందా చిన్నా?" అంది వదిన.

అతను తిరిగి చూశాడు. నోరు మూసుకుంటే తను బతికిపోతాడు. కానీ ఈ మనిషి చచ్చేదాకా మొగుణ్ణి తనే చంపుకున్నాననుకుంటూ బతకాలి.

"వదినా, అన్నయ్య కోపంగా లేడు," అన్నాడు.

ఉబ్బిన రబ్బరు అరచేతిలో పెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయిల్ సంగతి, చదవని మూత సంగతి, చౌరస్తాలో ఏం జరిగి ఉంటుందో అదీ చెప్పాడు. చెప్పి, చెంప పగలగొడుతుందని నిలబడ్డాడు. కొట్టినా బావుండేది.

"అయితే బండి కదల్లేదా?"

"కదల్లేదు వదినా."

"నామీద అలిగి కాదా?"

"కాదు. బయటపడదామని చూశాడు. ఇంటికి రావాలనే చూశాడు."

వదిన కొంగు నోటికడ్డం పెట్టుకుని భోరుమంది. మూడు నెలలుగా గడ్డకట్టుకుపోయిన ఏడుపంతా ఒక్కసారిగా బయటపడింది. ఆ ఏడుపు మధ్యలోనే ఆమె ముఖం తేటపడటం అతను చూశాడు.

చాలాసేపటికి కళ్ళు తుడుచుకుంది.

"మీ అన్న బండి ఎక్కేటప్పుడు బ్రేకులు కూడా చూసుకునేవాడు కాదు. ఎందుకలా అని నేను గొడవపడితే ఏమనేవాడో తెలుసా? మా చిన్నోడు చూశాడు, ఇంక నేను చూసేదేంటి అనేవాడు."

మెకానిక్ సొరుగులోంచి కొత్త రబ్బరు తీశాడు. వదిన లేచి బండి స్టాండు తీసింది. విప్పిన లివర్ నేలమీదే ఉండిపోయింది.

"రబ్బరు మార్చేస్తాను వదినా. ఒక్క అరగంట."

"వద్దు."

"ఈ ఎండలో ఎంత దూరమని తోస్తావు? నేను వెనకనుంచి పడతాను, ఉండు."

"నువ్వు ముట్టుకోకు చిన్నా," అంది వదిన. గొంతులో కోపం కూడా లేదు. హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుని, బండిని రోడ్డు మీదికి తోసుకుంటూ వెళ్ళిపోయింది.